కోడి మేతలో కలిపిన మందు, ఇంట్లోవాళ్ల పొట్టదాకా ఎలా వచ్చింది? – డాక్టర్ స్టూవర్ట్ లెవీ కథ

పై వీడియోలో మన కోళ్ల షెడ్డు దగ్గర నిలబడి యాంటీబయాటిక్స్ గురించి కాసేపు మాట్లాడాను. అందులో స్టూవర్ట్ లెవీ అనే సైంటిస్టు పేరు ఒక్కసారి చెప్పి వదిలేశాను. ఆయన పని గురించి చెప్పాలంటే వీడియోలో టైం చాలదు మరి. అమెరికాలో బోస్టన్‌లో టఫ్ట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో 1971 నుంచి పనిచేసిన డాక్టరు, మైక్రోబయాలజిస్టు ఆయన. ఆయనకు పేరు తెచ్చిన ప్రయోగం మాత్రం ఆస్పత్రిలో జరగలేదు, ఒక రైతు ఇంటి దగ్గర కోళ్ల మీద జరిగింది. కోళ్లు, పశువులు పెంచేవాళ్లు, కోళ్ల ఎరువు కొని పొలానికి తోలుకునేవాళ్లు, జీవామృతం కలిపేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి అది. అందుకే ఇక్కడ కొంచెం తీరిగ్గా రాస్తున్నా.

మా బంధువుల్లో ఒక బాబాయ్‌కి బ్రాయిలర్ షెడ్లున్నాయి. ఈ మాట ఎప్పుడెత్తినా ఆయనది ఒకటే సమాధానం. "కోడి తిన్న మందు కోడికే కదరా. అమ్మే ముందు వారం రోజులు ఆపేస్తే మాంసంలో మందు ఉండదు. ఇంకేంటి నీ బాధ?" ఆయన చెప్పినదాంట్లో సగం నిజమే. గడువు ప్రకారం మందు ఆపేస్తే మాంసంలో అవశేషం తగ్గిపోతుంది. మిగతా సగం మాట ఏమిటో లెవీ గారి ప్రయోగం చూస్తే తెలుస్తుంది.

ముందు మన భీమవరం సంగతి

అసలు మేతలో యాంటీబయాటిక్ కలపాలని ఎవరికి, ఎందుకు తట్టింది? ఈ కథలో మన తెలుగాయన కూడా ఉన్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండేవారు. ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మట్టి నమూనాల్లోంచి ఆరియోమైసిన్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ అనే మందుల కుటుంబంలో అదే మొదటిది, 1948లో లోకానికి తెలిసింది. ఆ మట్టి ఎక్కడిదో తెలుసా? మిస్సోరి యూనివర్సిటీ వాళ్ల సాన్‌బర్న్ ఫీల్డ్ అనే పాత ప్రయోగ క్షేత్రంలో, గడ్డి పెంచే మడిలోది. పంపింది విలియం ఆల్బ్రెక్ట్. భూసారం గురించి చదివేవాళ్లకి ఆ పేరు కొత్త కాదు, మన సహజ వ్యవసాయం మీటింగుల్లో కూడా అప్పుడప్పుడు వినపడుతుంది. మనం జీవామృతంలో వేసే గుప్పెడు గట్టు మట్టిలో కూడా ఇలాంటి మందు తయారుచేసే సూక్ష్మజీవులు ఉంటాయి. యాంటీబయాటిక్ పుట్టుక మట్టిలోనే. ఈ మాట మనవాళ్లలో కొంతమందికి రుచించదు గానీ, నిజం అది.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో కన్నుమూశారు. మేత కథ ఆయన పోయాక మొదలైంది. అదే కంపెనీలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు కోడిపిల్లలు త్వరగా ఎదగడానికి చవకైన విటమిన్ బి12 కోసం వెతుకుతూ, ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పులియబెట్టిన పిప్పిని మేతలో కలిపి చూశారు. పిల్లలు అనుకున్నదానికంటే ఎక్కువ బరువొచ్చాయి. తర్వాత తేలిందేమిటంటే, ఆ పిప్పిలో మిగిలిపోయిన కాస్త యాంటీబయాటిక్ వల్లే ఆ అదనపు బరువు. ఇంకేముంది, 1951లో అమెరికా ఎఫ్‌డీఏ మేతలో కలపడానికి ఒప్పుకుంది. రోగం లేని కోడికి, పందికి, దూడకి రోజూ కొద్దికొద్దిగా పెట్టడం అక్కడ మామూలైపోయింది. దీన్నే గ్రోత్ ప్రమోటర్ అంటారు.

షెర్బోర్న్‌లో 300 కోడిపిల్లలు

స్టూవర్ట్ లెవీ 1938లో డెలవేర్ రాష్ట్రంలో విల్మింగ్టన్‌లో పుట్టారు. తండ్రి ఊళ్లో ఫ్యామిలీ డాక్టరు. కవల తమ్ముడో అన్నో నాకు తెలీదు గానీ, కవల సోదరుడు జే లెవీ కూడా పెద్ద పరిశోధకుడే, హెచ్ఐవీ వైరస్ మీద తొలినాళ్లలో పనిచేసినవాళ్లలో ఒకరు. స్టూవర్ట్ డాక్టరు చదువుతున్న రోజుల్లో జపాన్ వెళ్లి సుతోము వతనబె అనే శాస్త్రవేత్త దగ్గర పనిచేశారు. మందుకు లొంగని గుణం ఒక బాక్టీరియా నుంచి ఇంకో బాక్టీరియాకి చేతులు మారుతుందని లోకానికి వివరంగా చెప్పినవాళ్లలో వతనబె ముఖ్యుడు. లెవీ జీవితమంతా దీని చుట్టూనే తిరిగింది.

1970ల మధ్యలో, మేతలో యాంటీబయాటిక్ వల్ల మనుషులకేమైనా ముప్పుందా అని అమెరికాలో గట్టిగా వాదన నడుస్తోంది. పశువుల మందులు తయారుచేసే కంపెనీల సంఘమే లెవీకి డబ్బిచ్చి ఈ పరిశోధన చేయించింది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఫలితం వాళ్లకు నచ్చేది కాదు.

బోస్టన్ దగ్గర షెర్బోర్న్ అనే ఊళ్లో ఒక రైతు కుటుంబం ఒప్పుకుంది. పిల్లలతో నిండిన పెద్ద కుటుంబం. అక్కడ 300 కోడిపిల్లలు తెచ్చి, సగానికి మామూలు మేత, సగానికి ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన మేత పెట్టారు. ఆక్సీటెట్రాసైక్లిన్ అంటే మీకు తెలిసిందే, మన పశువుల డాక్టరు దగ్గర టెర్రామైసిన్ పేరుతో చూస్తుంటాం. జబ్బుకి వాడే మోతాదు కూడా కాదు, ఎదుగుదల కోసం మేతలో కలిపే కొద్దిపాటి మోతాదే. కోళ్ల రెట్ట, ఇంట్లోవాళ్ల మలం, పోల్చి చూడటానికి ఇరుగుపొరుగు వాళ్ల మలం, అన్నీ క్రమం తప్పకుండా సేకరించి ల్యాబులో పరీక్ష చేశారు. పరీక్షకి ఒప్పుకున్న పొరుగువాళ్లకి కూడా దండం పెట్టాలి, వారం వారం మలం డబ్బాలో పెట్టి ఇవ్వడమంటే మాటలా.

ఏం జరిగిందంటే, మందు మేత మొదలెట్టిన వారంలోపే ఆ కోళ్ల పేగుల్లో దాదాపు అంతా టెట్రాసైక్లిన్‌కి లొంగని బాక్టీరియానే. ఇది ఊహించేదే. మందుకి చచ్చేవి చస్తాయి, చావనివి మిగిలి పెరుగుతాయి, కలుపుమందుకి లొంగని కలుపు చేనంతా పరుచుకున్నట్టు. మూడు నెలలు తిరిగేసరికి ఇంకో వింత. చాలా కోళ్లలో ఉన్న బాక్టీరియా స్ట్రెప్టోమైసిన్, ఆంపిసిలిన్, సల్ఫా మందులకి కూడా లొంగడం లేదు. ఆ మందులు ఆ కోళ్లకు ఎవరూ పెట్టలేదు!

ఆ తర్వాత మనుషులు. ఐదారు నెలలకి, ఆ ఇంట్లోవాళ్ల దగ్గర తీసుకున్న వారంవారీ నమూనాల్లో 31.3 శాతం వాటిల్లో, బాక్టీరియాలో 80 శాతం పైగా టెట్రాసైక్లిన్‌కి లొంగనివే. పొరుగువాళ్ల నమూనాల్లో అలాంటివి 6.8 శాతం మాత్రమే. ఇంకోలా చెప్పాలంటే, ఇంట్లో 11 మందిలో ఏడుగురికి అలాంటి నమూనాలు రెండు, అంతకంటే ఎక్కువ వచ్చాయి. పొరుగున 24 మందిలో ముగ్గురికే. ఈ బాక్టీరియాలో కూడా ఒకేసారి చాలా మందులకి తట్టుకునే జన్యువులున్నాయి.

ఆ ఇంటివాళ్లు ఆ మందు మింగి తెచ్చుకున్నది కాదు ఇది. మేత వేశారు, నీళ్లు పెట్టారు, రెట్ట ఎత్తారు. కోళ్లతో, మేతతో మెలిగినందుకు వచ్చింది. మా బాబాయ్ చెప్పే "అమ్మే ముందు వారం ఆపేస్తే చాలు" అన్న లెక్కలో ఈ దారి లేనే లేదు. మాంసంలో మందు అవశేషం వేరు, మందుకి లొంగని బాక్టీరియా వేరు. అవశేషం పరీక్షలో సున్నా వచ్చినా బాక్టీరియా రెట్టలో, చేతుల మీద, షెడ్డు మట్టిలో ఉండొచ్చు. మా గోదావరి జిల్లాల్లో రొయ్యల వాళ్లకి అవశేషం పరీక్ష బాగా తెలుసు, అది ఫెయిలైతే సరుకు వెనక్కొస్తుంది. ఈ రెండోదాన్ని మాత్రం చెరువు గట్టు మీద ఎవరూ కొలవరు.

ఈ ప్రయోగంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం చివరిది. మందు మేత మొత్తం తీసేసిన ఆరు నెలలకి మళ్లీ చూస్తే, పరీక్షించిన 10 మందిలో 8 మందికి టెట్రాసైక్లిన్‌కి లొంగని బాక్టీరియా కనపడనే లేదు. ఎప్పుడూ ఇలాగే వెనక్కి తగ్గుతుందని కాదు, చాలా ఏళ్లు వాడిన చోట ఇది మొండిగా మిగిలిపోతుంది. కానీ ఆ ఇంట్లో మాత్రం ఆపితే తగ్గింది. ఇదంతా 1976లో పెద్ద వైద్య పత్రికల్లో అచ్చయింది.

పెట్టని మందుకి కూడా ఎలా తట్టుకుంది?

దీనికి జవాబు ప్లాస్మిడ్. బాక్టీరియా లోపల ప్రధాన జన్యుపదార్థం కాకుండా విడిగా ఉండే చిన్న గుండ్రటి డీఎన్ఏ ముక్క అది. ఒకే ప్లాస్మిడ్ మీద మూడు నాలుగు మందులకి తట్టుకునే జన్యువులు కలిసి ఉండొచ్చు, ఒకే మూటలో కట్టిన సామానులా. టెట్రాసైక్లిన్ వాడితే ఆ ఒక్క జన్యువు కోసం మూట మొత్తం నిలబడుతుంది. పైగా ఆ మూట నకలు తీసి పక్క బాక్టీరియాకి ఇచ్చేయగలవు, అది వేరే జాతిదైనా సరే. లెవీ బృందం గుర్తు పెట్టిన బాక్టీరియాని కొన్ని కోళ్లకు ఎక్కించి చూస్తే, అది మిగతా కోళ్లలోనూ, మనుషుల్లోనూ తేలింది. అంటే దారి ఊహించి చెప్పినది కాదు, కళ్లారా పట్టుకున్నది.

1980లో ఆయన ల్యాబు నుంచి ఇంకో పెద్ద సంగతి బయటపడింది. అప్పటిదాకా, టెట్రాసైక్లిన్‌కి లొంగని బాక్టీరియా మందుని లోపలికి రానివ్వదేమో అనుకునేవాళ్లు. లెవీతో పనిచేసే లారా మెక్‌మరీ, ఇంకొకరు కలిసి చూస్తే, మందు లోపలికి వస్తోంది, బాక్టీరియా దాన్ని బయటికి తోడేస్తోంది! బాక్టీరియా పొరని లోపలి వైపు బయటికి తిరగేసిన బుడగల్లా చేసి పరీక్షిస్తే మందు బుడగల్లోకి పంపు అవుతోంది. మన భాషలో చెప్పాలంటే, వానకి మడి మునిగితే ఇంజను పెట్టి నీళ్లు తోడేస్తాం చూడండి, అదే పని. దీన్ని ఎఫ్లక్స్ పంపు అంటారు. ఆ తర్వాత ఇలాంటి పంపులు రకరకాల బాక్టీరియాలో, రకరకాల మందులకి బయటపడ్డాయి. కొన్ని పంపులైతే ఏ మందో చూడకుండా దొరికిందల్లా తోడేస్తాయి. ఇవాళ యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ గురించి ఏ పాఠం తీసినా ఈ పంపు బొమ్మ ఉంటుంది.

నలభై ఏళ్ల నిరీక్షణ

ప్రయోగం అచ్చయిన మరుసటి ఏడాదే, 1977లో, ఎఫ్‌డీఏ పెన్సిలిన్, టెట్రాసైక్లిన్‌లని మేతలోంచి తీసేయాలని ప్రతిపాదించింది. అమెరికా కాంగ్రెస్ అడ్డం పడింది, ఇంకా పరిశోధన చేయండి అంది. ఫైలు అలా పడుంది. లెవీ ఊరుకోలేదు. 1981లో యాంటీబయాటిక్స్ జాగ్రత్తగా వాడాలని చెప్పే ఒక అంతర్జాతీయ సంఘం పెట్టారు. 1992లో మామూలు జనానికి అర్థమయ్యేలా ది యాంటీబయాటిక్ పారడాక్స్ అనే పుస్తకం రాశారు. ఆయన పదే పదే చెప్పిన మాట ఒకటుంది: బీపీ మాత్ర ఒకరు వేసుకుంటే అది వాళ్లకే పరిమితం, యాంటీబయాటిక్ మాత్రం ఒకరు వాడితే పక్కవాళ్ల మీద కూడా ప్రభావం ఉంటుంది, అందుకే అది సమాజం మొత్తానికి చెందిన మందు అని. కాలవ నీటితో సాగుచేసే మనకి ఇది అర్థం కావడం కష్టం కాదు. పై రైతు ఏం చేశాడన్నది కింద రైతు మడిలో కనపడుతుంది కదా.

మేత విషయంలో యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి గ్రోత్ ప్రమోటర్లుగా యాంటీబయాటిక్స్‌ని పూర్తిగా ఆపేసింది. అమెరికాలో, మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందులని బరువు పెంచడానికి వాడటం 2017 జనవరితో ఆగింది. అంటే ప్రయోగం అచ్చయిన 40 ఏళ్లకి. అక్కడ కూడా రోగం రాకుండా ముందుజాగ్రత్త పేరుతో పశువైద్యుడి చీటీ మీద వాడుకునే దారి ఉంచారు. లెవీ 2019 సెప్టెంబరులో చనిపోయారు. అంతకు రెండు నెలల ముందు, 2019 జులైలో, మన దేశంలో కోళ్లకి, పశువులకి, చేపలు రొయ్యలకి, మేతలకి కొలిస్టిన్ అమ్మకాన్ని కేంద్రం నిషేధించింది. మనుషులకి ఐసీయూలో మిగతా మందులన్నీ ఫెయిలైనప్పుడు వాడే మందు కొలిస్టిన్. అది మన దగ్గర కోళ్ల మేతలో సంచుల లెక్కన కలిసేది!

ఆస్పత్రులు, ఇళ్ల శుభ్రత మీద ఆయన చేసిన పని గురించి ఒక్క ముక్క. "యాంటీబాక్టీరియల్" అని రాసున్న సబ్బుల్లో ట్రైక్లోసాన్ అనే రసాయనం ఉండేది. అది సున్నంలా అన్నిటినీ చంపేస్తుంది, దానికి రెసిస్టెన్స్ రాదు అనుకునేవాళ్లు. 1998లో లెవీ, మెక్‌మరీ బృందం అది కూడా యాంటీబయాటిక్ లాగే బాక్టీరియాలో ఒక ప్రత్యేకమైన ఎంజైమ్ మీద పనిచేస్తుందని, ఆ ఎంజైమ్ మారితే బాక్టీరియా తట్టుకుంటుందని చూపించారు. ఇంట్లో మామూలు సబ్బు, నీళ్లు చాలు, ఇలాంటివి ఆస్పత్రులకి, ఇంట్లో బాగా నీరసించిన రోగి ఉన్నప్పుడు దాచుకోండి అని ఆయన వాదన. 2016లో ఎఫ్‌డీఏ ట్రైక్లోసాన్ సహా 19 రసాయనాలని అలాంటి సబ్బుల్లో వాడకూడదంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కథ ఒకవైపే అవుతుంది. లెవీ యాంటీబయాటిక్స్‌కి వ్యతిరేకి కాదు. కొత్త టెట్రాసైక్లిన్ల కోసం నోబెల్ గ్రహీత వాల్టర్ గిల్బర్ట్‌తో కలిసి ఒక కంపెనీయే పెట్టారు. ఆ పంపు తోడేయలేని మందు చేయాలన్నది వాళ్ల ప్రయత్నం. అలా వచ్చిన ఒమడసైక్లిన్‌కి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆయన పేరు చెప్పి "మందులన్నీ విషం" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు ఈ ముక్క వదిలేస్తారు.

మన దగ్గరికొస్తే

సహజ వ్యవసాయం చేసేవాళ్లకి దీంతో ఏం పని అంటారేమో. నా ఉద్దేశంలో మనకే ఎక్కువ పని. మనం పేడ మీద బతుకుతున్నాం కాబట్టి.

జీవామృతం సంగతి చూడండి. 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు మట్టి, 200 లీటర్ల నీళ్లు. బెల్లం, పిండి పెట్టేది పేడలోని సూక్ష్మజీవుల్ని పెంచడానికే. ఆ బెల్లానికి ఇది మంచి బాక్టీరియా, ఇది మందుకి లొంగని బాక్టీరియా అని తేడా తెలీదు, పేడలో ఏది ఉంటే అది పెరగొచ్చు. "నాటు ఆవు పేడ కాబట్టి ఏమీ కాదు" అనే మాటకి నా దగ్గర ఆధారం లేదు. ఆ ఆవుకి పొదుగు వాపు వచ్చి ఇంజక్షన్లు వేయించారా లేదా అన్నదే నేను చూస్తాను. అలాగని జబ్బు చేసిన పశువుకి మందు మానేయకండి, అది పాపం. డాక్టరు చెప్పినన్ని రోజులు, చెప్పిన మోతాదు వేయించండి, చెప్పిన గడువు దాకా పాలు పోయకండి. నేనైతే వైద్యం నడుస్తున్న పశువు పేడని జీవామృతానికి తీయను. విడిగా కుప్ప వేసి కంపోస్టు చేస్తాను. ఆ ఆవు పేడ మళ్లీ ఎప్పుడు కలపాలన్నది మీ పశువుల డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి.

ఆకుకూరల మీద, పచ్చిగా తినే కీర, టమాటా లాంటివాటి మీద జీవామృతం పిచికారీ చేసి మర్నాడే కోసి సంతకి తీసుకెళ్లేవాళ్లని చూశాను. అలా చేయొద్దు. నేలకి పారించండి. మీ కొనుగోలుదారు మిమ్మల్ని నమ్మి కడక్కుండా తింటున్నాడు.

ఇంకోటి, డిప్లొమాలో మాతో బట్టీ పట్టించిన లెక్క: వరిలో బాక్టీరియా ఎండాకు తెగులుకి, నిమ్మలో గజ్జి తెగులుకి స్ట్రెప్టోసైక్లిన్, 10 లీటర్ల నీటికి 1 గ్రాము. ఆ పొట్లంలో ఉన్నది ఏమిటి? 90 శాతం స్ట్రెప్టోమైసిన్, ఇది టీబీకి వచ్చిన మొదటి మందు. మిగతా 10 శాతం టెట్రాసైక్లిన్, షెర్బోర్న్ కోళ్ల మేతలో కలిపిన మందు కుటుంబమే. అంటే కోళ్ల షెడ్డు లేని రైతు కూడా, మాస్కు లేకుండా ఆ డబ్బా వీపున వేసుకుని గాలికి ఎదురు నడిచిన రోజుల్లో ఈ కథలో ఉండేవాడు. ఎండాకు తెగులు ఎప్పుడూ వచ్చే పొలమైతే తట్టుకునే రకం వేసుకోవడం, నత్రజని తగ్గించడం, మడిలోంచి మడికి నీళ్లు పారనివ్వకపోవడం ముందు చేయండి.

చివరగా కోళ్ల ఎరువు, ఎక్కువమంది ఫోన్ చేసి అడిగేది దీని గురించే. లారీ లోడు చవగ్గా వస్తుందని నేరుగా పొలంలో చల్లేస్తున్నారు. కొనేముందు షెడ్డు ఆయన్ని మూడు ప్రశ్నలు అడగండి: ఈ బ్యాచికి ఏ యాంటీబయాటిక్ వాడారు, నీళ్లలో కలిపారా మేతలోనా, చివరిసారి ఎప్పుడు? చెప్పడానికి ఇష్టపడకపోతే వేరే షెడ్డు చూసుకోండి. తెచ్చాక పచ్చి ఎరువు చల్లొద్దు. ఎండుగడ్డి, ఆకులు కలిపి కుప్ప వేసి, లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కనిచ్చి, తిరగేసి, మళ్లీ వేడెక్కనివ్వండి. ఇలా చేస్తే లొంగని బాక్టీరియా, ఆ జన్యువులు బాగా తగ్గుతాయి. పూర్తిగా పోవు, అందుకని ఆకుకూరల మడులకి ఇది వద్దు, కొబ్బరి, అరటి లాంటి తోటలకి వాడుకోండి. ఎత్తేటప్పుడు చేతికి గ్లౌజులు, పని అయ్యాక మామూలు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవడం. పిల్లల్ని ఆ కుప్ప మీద ఆడనివ్వకండి. కుప్ప ఎలా వేయాలో, ఎన్ని రోజులకి తిరగేయాలో థర్మామీటరు పెట్టి చూపించే వీడియో తీస్తున్నాం, అయిపోగానే ఇక్కడే పెడతాను.